గాజువాకలో సూపర్ హిట్టు, బయటేమో యావరేజు: మూడు పాత గేమ్‌ల మీద నా రివ్యూ

మొన్న సేల్‌లో మూడు పాత కంప్యూటర్ గేములు కొన్నా. మూడూ కలిపినా ఇంటిల్లిపాదీ ఒక పూట బయట తిన్న బిల్లంత కూడా అవ్వలేదు. నెల రోజులు, రాత్రి ఇంట్లో అందరూ పడుకున్నాక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆడా, ఇప్పుడు ఎవరికో ఒకరికి చెప్పకపోతే కడుపుబ్బరంగా ఉంది, అందుకే ఇది. ప్రాజెక్ట్ ఐజీఐ, ఫ్రీడమ్ ఫైటర్స్, బియాండ్ గుడ్ అండ్ ఈవిల్. మొదటి రెండూ మా వైజాగ్ గాజువాక బ్యాచ్‌లో ఎవర్ని నిద్రలేపి అడిగినా చెప్తారు, మూడోదాని పేరు ఆ రోజుల్లో మేం వినను కూడా వినలేదు. తమాషా ఏంటంటే మేం ఇండస్ట్రీ హిట్లు అనుకున్న ఆ రెండూ బయట అంత పెద్ద హిట్లేం కావంట. ఈ ముక్క నాకు ముప్పై దాటాక తెలిసింది, తెలిసిన రోజు కొంచెం అవమానంగానే అనిపించింది, మన ఊరి హీరోని పక్క ఊళ్ళో ఎవడో జూనియర్ ఆర్టిస్ట్ అన్నట్టు.

ముందు కేఫ్ గురించి చెప్పాలి, అది లేకుండా ఈ రివ్యూ ఉప్పు లేని పప్పు. 2005 వేసవి. గాజువాక మెయిన్ రోడ్డు మీంచి ఒక సందులోకి తిరిగితే కిందేమో టైలర్ షాపు, పైన సైబర్ కేఫ్. ఎనిమిది సిస్టమ్‌లు, మధ్యలో ప్లైవుడ్ అడ్డాలు, ప్రతి దానికీ పూల పూల కర్టెను, ఉన్న ఒక్క ఏసీ కౌంటర్ అన్న మొహం మీదకి తిరిగి ఉండేది. గంటకి 15 రూపాయలు, అరగంటకి 10, అంటే అరగంట ఆడేవాడు లెక్కలు రానోడన్నమాట. ఆరో నంబర్ సిస్టమ్‌లో మాత్రమే గ్రాఫిక్స్ కార్డ్ ఉండేది, దాని కోసం మిట్ట మధ్యాహ్నం స్టీల్ ప్లాంట్ క్వార్టర్లుండే ఉక్కునగరం నుంచి సైకిళ్ళు తొక్కుకుంటూ వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్ళం, తీరా చూస్తే అందులో ఎవడో పెద్దాయన ఇంటర్ రిజల్ట్స్ ప్రింట్ తీసుకుంటా ఉండేవాడు. "అన్నా రిజల్ట్స్‌కి ఆ సిస్టమే కావాలేటన్నా" అని గోల పెడితే "ఏట్రా గుంటలూ మీ గోల, టైమైపోనాది అన్నప్పుడు ఇలా లెగండ్రా ముందు" అని కసిరేవాడు.

ఆ డెస్క్‌టాప్ మీద ఏ ఐకాన్లు ఉంటే మాకు ప్రపంచంలో ఉన్న గేములు అవే. అన్న ఎక్కడినుంచో రాసిన సీడీలు తెచ్చి ఎక్కించేవాడు, కవరుండదు, సీడీ మీద మార్కర్‌తో పేరు, అదీ సగం తప్పు. అది పైరసీ అని మాకు తెలీదు, తెలిసినా మానేసేవాళ్ళం అని అబద్ధం చెప్పను. కానీ దానివల్ల అయిందేంటంటే మేం ఇచ్చిన పదిహేనుల్లో ఒక్క పైసా ఆ గేమ్ తీసినోళ్ళకి పోలేదు, మేం ఆడిన గంటలు ఏ అమ్మకాల లెక్కలోనూ పడలేదు. గేము హిట్టా ఫట్టా అనేది డబ్బాలు ఎన్ని అమ్ముడయ్యాయో చూసి చెప్పే రోజులు అవి. మా సందులో లైను కట్టి ఆడిన విషయం నార్వేలో ఉన్నోడికి ఎలా తెలుస్తుంది చెప్పండి.

నార్వే అని ఊరికే అనలేదు. ప్రాజెక్ట్ ఐజీఐ తీసింది అక్కడి ఇన్నర్‌లూప్ స్టూడియోస్ అనే కంపెనీ, 2000 డిసెంబర్‌లో ఐడోస్ వాళ్ళు రిలీజ్ చేసారు. హీరో డేవిడ్ జోన్స్, ఒక్కడే, మొదటి మిషన్ ట్రైన్‌యార్డ్. దూరంగా కొండలు, కంచె, వాచ్ టవర్, చేతిలో బైనాక్యులర్స్. ఇప్పుడు మళ్ళీ ఆడితే మొదట నాకు తట్టింది ఆ నిశ్శబ్దం. మ్యూజిక్ పెద్దగా ఉండదు, గాలి చప్పుడు, మన బూట్ల చప్పుడు, ఎక్కడో ఒకడు నడుస్తున్న చప్పుడు. ఆ కాలంలో మిగతా గన్ గేములు చాలావరకు అగ్గిపెట్టె గదుల్లోంచి అగ్గిపెట్టె గదుల్లోకి తిరగడమే, ఇందులో మాత్రం కొండ మీద పడుకుని కింద మొత్తం బేస్‌ని చూడొచ్చు, ఎటు నుంచి దిగాలో మనమే ఆలోచించుకోవచ్చు. ఎందుకంటే వాళ్ళు అంతకుముందు జాయింట్ స్ట్రైక్ ఫైటర్ అని విమానాల గేమ్ చేసారు, దాని ఇంజన్నే, అంటే గేమ్‌ని నడిపే ప్రోగ్రామ్‌నే, దీనికి వాడారు. విమానంలోంచి మైళ్ళ దూరం కనపడాలి కదా, అదే చూపు ఇక్కడ నేల మీద నడిచేవాడికి ఇచ్చారు. ఇది తెలిసాక నాకు ఆ కొండలంటే ఇంకా ఇష్టం పెరిగింది.

బయట రివ్యూలు రాసినోళ్ళు తిట్టింది దేనికంటే, మిషన్ మధ్యలో సేవ్ లేదు, అంటే అప్పటిదాకా ఆడింది దాచుకునే వీల్లేదు. పద్నాలుగు మిషన్లూ అంతే, చివరి గేటు దగ్గర చచ్చినా మళ్ళీ కంచె దగ్గర్నుంచే. నలుగురు కలిసి ఆడే మల్టీప్లేయర్ లేదు. శత్రువులకి బుర్ర తక్కువ, పక్కనోడు పడిపోతే పదడుగుల దూరంలో ఉన్నోడు చుట్ట కాలుస్తున్నంత తీరిగ్గా నిలబడతాడు, అదే అలారం మోగిందంటే మాత్రం బ్యారక్స్‌లోంచి పుట్టలోంచి చీమల్లా వస్తూనే ఉంటారు. అన్నీ నిజాలే, నేను కాదనను. కానీ ఆ సేవ్ లేకపోవడమే మాకు పండగ. నలభై నిమిషాలు పాకుతూ పాకుతూ వెళ్ళి, కెమెరాలు ఆపి, ఇంకొక్క గది ఉందనగా వెనక నుంచి ఒకడు కాలిస్తే మొత్తం కేఫ్‌లో "అయ్యో" అని అరుపు, ఎందుకంటే ఒకడు ఆడుతుంటే నలుగురం వెనక నిలబడి చూసేవాళ్ళం. సేవ్ లేనందువల్ల బాగుపడిందెవరంటే మా కౌంటర్ అన్నే, ఒక్కో మిషన్‌కి మూడు గంటలు కట్టించుకున్నాడు. కంపెనీ మాత్రం 2003లో మూతపడింది, అదే ఏడాది రెండో భాగం కోడ్‌మాస్టర్స్ పేరు మీద వచ్చింది, దాంట్లో సేవ్ పెట్టారు, మల్టీప్లేయర్ పెట్టారు, అయినా మాకు మొదటిదే మొగుడు.

ఇప్పుడు కొనొచ్చా అంటే, పాత మనుషులైతే కళ్ళు మూసుకుని కొనండి. కొత్తగా ఆడేవాళ్ళకి మాత్రం మూడో మిషన్‌కే మౌస్ విసిరికొట్టాలనిపిస్తుంది. మా అక్క కొడుక్కి పదకొండేళ్ళు, వాడికి ఇస్తే రెండుసార్లు చచ్చాక "మావయ్యా చెక్‌పాయింట్ ఎక్కడ" అన్నాడు, లేదురా అన్నా, నన్నొక రకంగా చూసి ఫోన్ తీసుకుని వెళ్ళిపోయాడు.

ఇక ఫ్రీడమ్ ఫైటర్స్. ఇది నా ఫేవరెట్, కాబట్టి పక్షపాతం ఉంటుంది, ముందే చెప్పా. డెన్మార్క్ ఐఓ ఇంటరాక్టివ్ వాళ్ళు తీసారు, అదే హిట్‌మ్యాన్ గేములు తీసినోళ్ళు, 2003లో ఈఏ రిలీజ్ చేసింది. కథేంటంటే రెండో ప్రపంచ యుద్ధాన్ని సోవియట్ వాళ్ళు బెర్లిన్ మీద అణుబాంబు వేసి ముగించేస్తారు, తర్వాత ఒక్కో దేశం మింగుకుంటూ చివరికి న్యూయార్క్‌లో దిగుతారు. హీరో క్రిస్ స్టోన్ ఏ కమాండోనో కాదు, ప్లంబర్. అన్నయ్యతో కలిసి ఎవరింట్లోనో పైపు బాగుచేయడానికి వెళ్తాడు, ఆ రోజే ఆర్మీ దిగుతుంది. చేతిలో మొదటి ఆయుధం పైపుల రెంచి. డ్రైనేజీలో స్థావరం, మ్యాన్‌హోల్లోంచి పైకి రావడం, మళ్ళీ మ్యాన్‌హోల్లోకి దూకడం, సేవ్ చేసుకునేది కూడా మ్యాన్‌హోల్ దగ్గరే. ప్లంబర్‌ని పెట్టినందుకు దానికి న్యాయం చేసారు.

దీని గొప్పతనం ఎక్కడుందంటే చరిష్మా అని ఒక లెక్క ఉంటుంది. మంచి పనులు చేసేకొద్దీ, అంటే దెబ్బ తగిలిన వాళ్ళకి మందు వెయ్యడం, ఖైదీల్ని విడిపించడం, బిల్డింగ్ పట్టుకుని జెండా ఎగరెయ్యడం, ఇలా చేసేకొద్దీ ఆ లెక్క పెరుగుతుంది, అది పెరిగేకొద్దీ మన వెనక వచ్చే మనుషులు పెరుగుతారు. మొదట్లో ఒకడో ఇద్దరో, ఆఖరికొచ్చేసరికి పన్నెండు మంది. మన వీధిలో లీడర్ అయ్యేవాడి లెక్కే ఇది, ఆస్పత్రికి తీసుకెళ్తే ఇద్దరు, పెళ్ళికి సాయం చేస్తే నలుగురు. ఆర్డర్లు మూడే, నా వెనక రండి, అక్కడ కొట్టండి, ఇక్కడ కాపలా ఉండండి. ఒక్కసారి నొక్కితే ఒకడు కదుల్తాడు, నొక్కి పట్టుకుంటే అందరూ కదుల్తారు. అంతే. ఇప్పుడొచ్చే స్క్వాడ్ గేముల్లో చక్రాలు మెనూలు తెరిచి వెతుక్కునే బాధ చూసాక, ఇరవై ఏళ్ళ కిందట మూడు బటన్లతో ఇంత సాఫీగా ఎలా చేసారా అనిపించింది. పన్నెండు మందిని ఒక సందులో కాపలా పెట్టి, నేను చుట్టూ తిరిగి వెనక గోడ దూకి లోపలికి వెళ్ళడం, లోపల కాల్పులు మొదలవ్వగానే వాళ్ళని రమ్మనడం, ఆ ఆనందం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంకోటి, ఒక ఏరియాలో చేసిన పని పక్క ఏరియాలో తేలుతుంది. ఒకచోట హెలికాప్టర్ పైనుంచి తగలబెట్టేస్తుంటే ముందుకెళ్ళలేం, మ్యాన్‌హోల్లోంచి వేరే ఏరియాకి వెళ్ళి దాని హెలిప్యాడ్‌ని సీ4 బాంబు పెట్టి పేల్చేస్తే, తిరిగొచ్చేసరికి ఆకాశం ఖాళీ. మాకు ఇది ఎవరూ చెప్పలేదు. రెండు రోజులు ఆ హెలికాప్టర్ చేతిలో చచ్చీ చచ్చీ, పక్క క్వార్టర్‌లో ఉండే మా వాడు ఒకడు ఊరికే వేరే రూట్‌లో తిరుగుతూ ఆ హెలిప్యాడ్‌ని పేల్చాడు, పేల్చినోడికి కూడా ఎందుకు పేల్చాడో తెలీదు. తిరిగొచ్చాక హెలికాప్టర్ లేదు! ఆ సాయంత్రం బడ్డీ దగ్గర టీ తాగుతూ దాని మీదే గంట చర్చ, ముందు ఎటు వెళ్ళాలి, బ్రిడ్జి ముందా హెలిప్యాడ్ ముందా అని, టీ కొట్టాయన మేం ఏదో ప్లాంట్‌లో స్ట్రైక్ ప్లాన్ చేస్తున్నాం అనుకున్నాడు.

మధ్య మధ్యలో సోవియట్ వాళ్ళ టీవీ వార్తలు వస్తాయి, టాటియానా కెంపిన్‌స్కీ అని యాంకరమ్మ, మనం రాత్రి పేల్చిందాన్ని పొద్దున్న ఆవిడ నవ్వుతూ పూర్తిగా తిరగేసి చెప్తుంది. చిన్నప్పుడు స్కిప్ కొట్టేసేవాళ్ళం, గంట టైమ్ వేస్ట్ అని. ఇప్పుడు ఒక్కటి కూడా వదల్లేదు, ఈ రోజు వార్తా ఛానళ్ళు చూసేవాడికి అది కామెడీ లాగా అనిపించదు. మ్యూజిక్ జెస్పర్ కిడ్‌ది. జెండా ఎగిరేటప్పుడు ఆ కోరస్ వస్తుంటే చేతుల మీద రోమాలు లేస్తాయి, అబద్ధమైతే అడగండి. ఎండాకాలంలో మొదలైన కథ శీతాకాలంలోకి వెళ్తుంది, వీధులన్నీ మంచు. లంబసింగి కూడా చూడని వైజాగ్ గుంటలం మేము, ఫ్యాను కింద చెమటలు కక్కుకుంటూ ఆ మంచులో తిరిగాం.

ఇక్కడ మా నాన్న సంగతి చెప్పాలి. నాన్న స్టీల్ ప్లాంట్‌లో, గోదావరి బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర చేసేవారు. ఒకరోజు నేను ట్యూషన్ ఎగ్గొట్టానని తెలిసి నేరుగా కేఫ్‌కి వచ్చేసి కర్టెన్ తీసారు. నా వెనక ఉన్న నలుగురూ ఎలా మాయమయ్యారో ఇప్పటికీ తెలీదు. కొట్టలేదు. కాసేపు స్క్రీన్ చూసి "ఎవర్రా వీళ్ళు" అన్నారు. రష్యా వాళ్ళు నాన్నా, విలన్లు అన్నా. ఆయన మొహం అదోలా అయిపోయింది. "మన ప్లాంటుకి డిజైన్లిచ్చి, మిషన్లిచ్చి, ఇక్కడ మాతో పాటు ఎండలో నిలబడ్డోళ్ళురా వాళ్ళు. వాళ్ళని కాల్చడానికి గంటకి పదిహేను రూపాయలా?" 1979లో సోవియట్‌తో ఒప్పందం, ఫర్నేస్ ముందు దిగిన ఫోటోలు, ఆయన నేర్చుకున్న నాలుగు రష్యన్ మాటలు, ఇంటికెళ్ళేదాకా స్కూటర్ మీద అదే క్లాసు. ఆ తర్వాతి ఆదివారం బీచ్ రోడ్డులో కుర్‌సురా సబ్‌మెరైన్‌కి తీసుకెళ్ళి "ఇది కూడా వాళ్ళే కట్టారు" అని చూపించారు. నాకు అప్పుడు నవ్వొచ్చింది కానీ ఇప్పుడు ఆడుతుంటే ఆ మాటే గుర్తొస్తుంది, డెన్మార్క్ వాళ్ళు అమెరికా కోసం తీసిన గేములో విలన్ ఎవరనేది వాళ్ళ లెక్క, ఉక్కునగరంలో లెక్క వేరు.

లోపాలు చెప్పకపోతే రివ్యూ ఎలా అవుతుంది. గురి అంత నమ్మకంగా ఉండదు, బుల్లెట్ మనం చూసిన చోటికి కాక దాని చుట్టుపక్కలకి వెళ్తుంది. మన పన్నెండు మందిలో ఒకడెవడో ఎప్పుడూ తలుపు దగ్గర ఇరుక్కుంటాడు. విలన్లు బుర్రకథ విలన్లు. పీసీలో మల్టీప్లేయర్ లేదు, టీవీకి తగిలించే కన్సోల్ వాళ్ళకి మాత్రం ఒకే తెరని పంచుకుని ఆడే స్ప్లిట్ స్క్రీన్ ఇచ్చారు. పైగా తొందరగా అయిపోతుంది, నాకు వారంలో అయిపోయింది, అదీ ఆఫీస్‌కి వెళ్తూనే.

మరి ఇంత బాగుంటే బయట ఎందుకు పేలలేదు? 2003 దసరా దీపావళి సీజన్ ఒకసారి గుర్తు తెచ్చుకోండి, మన లెక్కలో చెప్పాలంటే సంక్రాంతి బరి. కాల్ ఆఫ్ డ్యూటీ మొదటిది, మ్యాక్స్ పేన్ 2, ప్రిన్స్ ఆఫ్ పర్షియా శాండ్స్ ఆఫ్ టైమ్, నీడ్ ఫర్ స్పీడ్ అండర్‌గ్రౌండ్, అన్నీ అక్టోబర్ నవంబర్లలోనే దిగాయి. నలుగురు పెద్ద హీరోల సినిమాల మధ్య మంచి చిన్న సినిమాకి జగదాంబలో మార్నింగ్ షో కూడా దొరకదు కదా, అదే కథ. రెండో భాగం ఇప్పటికీ రాలేదు. 2020లో ఐఓ వాళ్ళే పీసీకి మళ్ళీ అమ్మకానికి పెట్టారు, అదే నేను కొన్నది. కొని, ఇన్‌స్టాల్ అవుతుంటే, పోనీలే ఇన్నాళ్ళకి ఆ పదిహేను రూపాయల బాకీ తీరింది అనుకున్నా.

నా దగ్గర నిజానికి పాత సీడీలు ఉండేవి, కేఫ్ మూసేసేటప్పుడు అన్న దగ్గర అడిగి తెచ్చుకున్నవి, జిప్ ఉన్న నల్ల పౌచ్‌లో నలభై దాకా. హుద్‌హుద్ తుఫానులో పోయాయి. 2014 అక్టోబర్ 12న కిటికీ అద్దం పగిలి గదిలోకి నీళ్ళు కొట్టాయి, అప్పుడు గేముల సంగతి ఎవడికి గుర్తుంటుంది, కరెంటు లేదు నీళ్ళు లేవు. వారం తర్వాత పౌచ్ తెరిస్తే సీడీల మీది వెండి పొర చింతపండు తొక్కలా ఊడి చేతికొచ్చింది. ఫ్రీడమ్ ఫైటర్స్‌వి రెండు సీడీలు, మార్కర్ రాత మాత్రం చెక్కు చెదరలేదు.

ఇప్పుడు అసలు రివ్యూ. బియాండ్ గుడ్ అండ్ ఈవిల్. నేను కొన్నది 2024 జూన్‌లో వచ్చిన ఇరవయ్యో వార్షికోత్సవం ఎడిషన్, అసలు గేమ్ 2003 నవంబర్ది. చూసారా, మళ్ళీ అదే సంక్రాంతి బరి, ఇంకా దారుణం ఏంటంటే దీన్ని తీసిన యూబీసాఫ్టే అదే నెలలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా కూడా వదిలింది. ఒకే బ్యానర్, ఒకే నెల, ఒకరు పెద్ద హీరో, ఇంకొకరు కొత్తమ్మాయి. పోస్టర్లు ఎవరివి అంటిస్తారో చెప్పక్కర్లేదు. విమర్శకులు మెచ్చుకున్నారు, జనం కొనలేదు, కొద్ది రోజుల్లోనే రేటు తగ్గించేసారు. మా కేఫ్‌లో ప్రిన్స్ ఉండేవాడు, ఈ అమ్మాయి లేదు.

అమ్మాయి పేరు జేడ్. హిల్లిస్ అనే గ్రహం, చుట్టూ నీళ్ళే, ఒక లైట్‌హౌస్‌లో అనాథ పిల్లల్ని చూసుకుంటూ ఉంటుంది, తోడుగా పేజ్ మావయ్య. మావయ్య పంది. నిజంగానే పంది, రెండు కాళ్ళ మీద నడుస్తాడు, మెకానిక్కు, కోపిష్టి, మనసు వెన్న. గేమ్ మొదలవ్వగానే ఆకాశంలోంచి శత్రువుల దాడి, జేడ్ షీల్డ్ ఆన్ చేద్దామని పరిగెడుతుంది, షీల్డ్ పని చెయ్యదు. ఎందుకో తెలుసా, కరెంటు బిల్లు కట్టలేదు! ఇన్నేళ్ళలో నేను ఆడిన గేముల్లో లోకాన్ని కాపాడే హీరోకి ఇలాంటి కష్టం రావడం ఇదే మొదటిసారి. అకౌంట్లో డబ్బులు లేవు, బిల్లు కట్టాలి, పిల్లలకి అన్నం పెట్టాలి, అందుకని కెమెరా తీసుకుని పనికి బయల్దేరుతుంది. ఆ నిమిషంలోనే నేను పడిపోయా.

పనేంటంటే ఆ గ్రహం మీద ఉన్న ప్రతి జీవినీ ఫోటో తియ్యాలి, కొత్త జాతి దొరికిన ప్రతిసారీ డబ్బులు పడతాయి. ఇంట్లో ఉన్న కుక్కని తీసినా పడతాయి, పేజ్ మావయ్యని తీసినా పడతాయి, ఆయన కూడా ఒక జాతే కదా. గదిలోకి రాగానే శత్రువు ఎక్కడ అని కాకుండా పైన దూలం మీద ఏదైనా పురుగు ఉందా అని చూడటం మొదలుపెట్టా. ఒకసారి పెద్ద రాక్షసి జంతువు నన్ను కొడుతోంది, నేను కర్ర పక్కన పెట్టి ముందు ఫోటో తీసుకున్నా, దెబ్బ తిన్నా ఫర్లేదు బిల్లుకి పనికొస్తుంది అని. ఈ ఒక్క ఐడియాతో గేమ్ ఆడే చూపే మారిపోతుంది.

తర్వాత అదే కెమెరా వేరే పనికొస్తుంది. ఆల్ఫా సెక్షన్స్ అని ఒక సైన్యం, మిమ్మల్ని మేమే కాపాడుతున్నాం అని వీధి వీధినా మైకులు, తెరల మీద ప్రచారం. ఐరిస్ అనే రహస్య బృందం జేడ్‌ని పిలిచి, వీళ్ళు నిజంగా ఏం చేస్తున్నారో ఫోటోలు తెచ్చిపెట్టు అంటుంది. అంటే ఇందులో హీరోయిన్ విలేకరి, గెలుపంటే మనుషుల్ని చంపడం కాదు, సాక్ష్యం బయటపెట్టడం. ఫ్యాక్టరీలోకి పాకుతూ వెళ్ళి, పెట్టెల వెనక నక్కి, వణికే చేతులతో జూమ్ చేసి ఒక్క ఫోటో తీసుకుని బయటపడతాం. అది పేపర్లో పడ్డాక ఊళ్ళో మనుషుల మాట మారుతుంది, మొదట్లో సైన్యాన్ని పొగిడినోళ్ళే గుసగుసలు మొదలెడతారు, ఆఖర్లో వీధుల్లోకి వస్తారు. ఎక్కడా లెక్చర్ లేదు, మనం తీసిన ఫోటో వల్లే అయిందని మనకి తెలుస్తుంది అంతే. ఫ్రీడమ్ ఫైటర్స్‌లో అబద్ధపు వార్తల్ని స్కిప్ కొట్టేసిన నాకు, అదే ఏడాది వచ్చిన ఇంకో గేములో నిజం వార్త రాసే పని పడింది, భలే జత కుదిరింది ఈ రెండూ.

నీళ్ళ మీద హోవర్‌క్రాఫ్ట్‌లో తిరగడం గురించి చెప్పకపోతే పాపం. ఖడ్గమృగాలు నడిపే ఒక గ్యారేజీ ఉంటుంది, ముత్యాలిస్తే బండికి కొత్త పార్టులు వేస్తారు, వెనక క్రిస్టోఫ్ హెరాల్ మ్యూజిక్, పొద్దు వాలుతుంటే దూరంగా లైట్‌హౌస్. డాల్ఫిన్స్ నోస్ కొండ మీద లైట్‌హౌస్ చూస్తూ పెరిగినోళ్ళం మనం, ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తిరిగొచ్చే టైమ్ తెలిసినోళ్ళం, ఈ గేములో వాతావరణం మనకి కొత్తగా అనిపించదు. డిజైన్ చేసిన మిషెల్ ఆన్సెల్ అంతకుముందు రేమ్యాన్ చేసినాయన, ఆ రంగులు, ఆ అల్లరి ఇందులోనూ తెలుస్తుంటాయి.

బాలేనివి కూడా ఉన్నాయి. ఇరుకు గదుల్లో, జేడ్ చేతిలోది కాదు, మనకి ఆట చూపించే కెమెరా గోడకి అతుక్కుపోయి మన వీపు తప్ప ఏం కనపడదు. దాక్కుని వెళ్ళే చోట్ల ఒక్క అడుగు తప్పితే లేజర్‌తో లేపేస్తారు, కోపం వస్తుంది. కాపలావాళ్ళ వీపు మీద గాలి ట్యాంక్ ఉంటుంది, వెనక నుంచి దాన్ని ఒక్కటి తన్నాలి, మొదటి మూడుసార్లు గమ్మత్తు, పదిహేనోసారికి డ్యూటీ. అలవాటైన వాళ్ళకి కొట్లాటలు మరీ తేలిక. కథ అయిపోయాక చివర్లో ఒక చిన్న బిట్ వేసి రెండో భాగానికి ఆశ పెడతారు, ఆ రెండో భాగం 2008లో ఒకసారి చూపించారు, 2017లో మళ్ళీ చూపించారు, ఆన్సెల్ గారు 2020లో వెళ్ళిపోయారు కూడా, గేమ్ మాత్రం ఇంకా రాలేదు. కొత్త ఎడిషన్‌లో బొమ్మ శుభ్రంగా 4కేలో ఉంది, దానంతటదే సేవ్ అవుతుంది, పాతదాంట్లో అయితే సేవ్ మిషన్ ఎక్కడుందో వెతుక్కోవాలి. గ్యాలరీలో తయారీ నాటి బొమ్మలు, వీడియోలు ఉన్నాయి, రెండు రాత్రులు వాటికే పోయాయి.

ఇలా నలిగిపోయినవి ఇంకా చాలా ఉన్నాయి లెండి. వ్యాంపైర్ బ్లడ్‌లైన్స్ అయితే 2004 నవంబర్ 16న, సరిగ్గా హాఫ్ లైఫ్ 2 వచ్చిన రోజే వచ్చింది, కొన్ని నెలలకి దాన్ని తీసిన ట్రోయికా మూతపడింది. ఓకామీ తీసిన క్లోవర్ స్టూడియోదీ అదే గతి, తోడేలు రూపంలో సూర్యదేవత, కుంచెతో గీస్తే పువ్వులు పూస్తాయి, అంత అందమైన గేమ్ తీసిన ఏడాదికే దుకాణం కట్టేసారు. నాకు వీటన్నిటికంటే బాధ కెప్టెన్ క్లా గురించి. 1997లో మోనోలిత్ తీసిన పిల్లి పైరేట్ గేమ్, ఇంటికి కొత్తగా కంప్యూటర్ వచ్చిన ప్రతి క్వార్టర్‌లోనూ ఉండేది, జైలు లెవెల్ దాటినోడు ఆ బ్లాక్‌కి రాజు. దాన్ని డబ్బులిచ్చి కొందామని వెతికితే నాకు ఒక్క షాపులో కూడా కనపడలేదు, మోనోలిత్‌ని కూడా 2025లో మూసేసారు. కొంటాను మొర్రో అన్నా అమ్మేవాడు లేడు, మళ్ళీ పైరసీ పైరసీ అని మనల్నే అంటారు.

ఏది కొనాలని అడిగితే, మొదట బియాండ్ గుడ్ అండ్ ఈవిల్, అనుమానం లేదు, ఇంట్లో పిల్లలుంటే పక్కన కూర్చోబెట్టుకుని ఆడండి. తర్వాత ఫ్రీడమ్ ఫైటర్స్. ఐజీఐ మాత్రం రాత్రి పదకొండు దాటాక, ఒంటరిగా, బీపీ లేనోళ్ళకి.

మా మేనల్లుడు మొదట బియాండ్ గుడ్ అండ్ ఈవిల్‌ని కూడా లైట్ తీసుకున్నాడు. "మావయ్యా దీంట్లో స్కిన్స్ కొనాలా" అన్నాడు. కొనడానికేం లేవురా, ఫోటోలు తియ్యాలి అన్నా. ఏం ఫోటోలు అన్నాడు. కంట్రోలర్ ఇచ్చా. ఇప్పుడు శని ఆదివారాలు నాకు దొరకట్లేదు. మొన్న వాడు ఆడుతుంటే నాన్న వెనక కుర్చీ వేసుకుని కూర్చున్నారు, రిటైరై చాలా ఏళ్ళయింది, కళ్ళజోడు సర్దుకుని కాసేపు చూసి, ఇందులో రష్యా వాళ్ళు లేరు కదా అని నిర్ధారించుకున్నారు. రాత్రి అన్నం దగ్గర పప్పు వడ్డించుకుంటూ అడిగారు, "ఒరే, ఆ అమ్మాయి కరెంటు బిల్లు కట్టిందా మరి?"